కానుగ కాయను మిషన్‌తో దులపొచ్చా? ముందు చెట్టు మాను చూడాలి

కళ్యాణదుర్గం దగ్గర ఆరెకరాల్లో పన్నెండేళ్ల కానుగ చెట్లు ఉన్నాయని, కాయ దులపడానికి కూలీలు దొరకడం లేదని రాశారు. అమెరికాలో చెట్టు మానును పట్టుకుని ఊపేసే మిషన్ వీడియో చూశాక అలాంటిది కొనాలా అని అడిగారు. పక్కన బీడుగా ఉన్న నాలుగెకరాల్లో జట్రోఫా వేస్తే దాన్నీ మిషన్‌తో కోసుకోవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న.

నేను కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఏడేళ్లు బాదం, పిస్తా తోటల్లో ఆ షేకర్ల మీదే పనిచేశాను. తిరిగొచ్చాక మా నాన్నగారు పొలం గట్ల మీద, రాళ్ల నేలలో వేసిన కానుగ చెట్లను ఐదు సీజన్లుగా రకరకాలుగా దులిపి చూస్తున్నాను. కాబట్టి రెండు వైపులా చూసిన మనిషిగా ముందే చెప్పేస్తాను. ఆ పెద్ద మిషన్ కొనకండి. కానుగను మిషన్‌తో దులపొచ్చు, కానీ మీ ఆరెకరాలకు సరిపడేది వేరే ఉంది. జట్రోఫా ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి.

జట్రోఫా సంగతి ముందు చూద్దాం. మన దగ్గర కొన్నిచోట్ల అడవి ఆముదం అంటారు, కొన్నిచోట్ల నేపాళం అంటారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దీన్ని బయోడీజిల్ పంటగా ముందుకు తెచ్చాక దేశమంతా మొక్కలు నాటించారు. బయటి దేశాల్లోనూ అదే ఊపు. బ్రిటన్‌లో డీ1 ఆయిల్స్ అనే కంపెనీతో పెద్ద చమురు సంస్థ బీపీ 2007లో చేతులు కలిపింది. పది లక్షల హెక్టార్లలో జట్రోఫా వేస్తామని చెప్పి, రెండేళ్లకే 2009లో బీపీ బయటికి వచ్చేసింది. దిగుబడి రాలేదన్న మాట అందరూ చెబుతారు, అది నిజమే. కానీ కాయ కోత దగ్గర జరిగిన నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఒక లెక్క చెబుతాను. జట్రోఫా కాయలో మూడు గింజలుంటాయి. ఒక్కో గింజ అర గ్రాము నుంచి ముప్పావు గ్రాము తూగుతుంది. కిలో గింజ కావాలంటే దగ్గర దగ్గర అయిదు వందల కాయలు కోయాలి. ఎక్స్‌పెల్లర్‌లో లీటరు నూనె రావడానికి మూడున్నర నాలుగు కిలోల గింజ పడుతుంది. అంటే లీటరు నూనె వెనుక దగ్గర దగ్గర రెండు వేల కాయలున్నాయి. వాటిని చేత్తో ఒక్కొక్కటీ తుంచి, ఒలిచి, ఎండబెట్టి, చివరికి డీజిల్ ధరకు అమ్మాలి. ఏ కూలి రేటుకూ ఇది గిట్టదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం జట్రోఫా నూనెతో చేసిన ఇంధనం కలుపుకుని ఎగిరినప్పుడు నాకూ చాలా సంతోషం వేసింది. ఆ వెంటనే గుర్తొచ్చింది మాత్రం ఈ రెండు వేల కాయల లెక్కే.

మరి మిషన్ పెట్టొచ్చు కదా అంటారు. అక్కడే అసలు చిక్కు. జట్రోఫా కొమ్మను దగ్గరగా చూడండి. ఒకే కొమ్మ మీద పువ్వు, పచ్చి కాయ, పసుపు కాయ, నల్లగా ఎండిన కాయ అన్నీ ఉంటాయి. మనకు కావాల్సింది పసుపూ నలుపూ. మిషన్ ఊపితే పచ్చివీ రాలతాయి, పూత కూడా పోతుంది. పచ్చి కాయలో నూనె తక్కువ, తేమ ఎక్కువ. అది మంచి గింజలో కలిస్తే కుప్ప మొత్తం పాడవుతుంది. ఒక్కటే పంట వచ్చే మొక్కయితే పచ్చివి కొన్ని పోయినా సర్దుకోవచ్చు. జట్రోఫా వానాకాలంలో విడతలు విడతలుగా పూస్తుంది. ఇవాళ రాల్చిన పచ్చి కాయ వచ్చే నెల పంట.

కాఫీలోనూ ఇదే ఇబ్బంది ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. బ్రెజిల్‌లో జాక్టో కంపెనీ 1979లోనే కాఫీ కోత మిషన్ తెచ్చింది. సాలు మీదుగా గేటులా నడుస్తూ, నిలువు కడ్డీలతో రెండు వైపుల నుంచి కొమ్మల్ని అదిలిస్తుంది. అదురు వేగం తగ్గించి పెడితే పండిన కాయ రాలి, పచ్చిది చాలావరకు నిలుస్తుంది. అలా రెండు మూడు విడతలు నడుపుతారు. ఇలాంటి మిషన్లనే జట్రోఫా మీదా నడిపి చూశారు. కానీ కాఫీ కొమ్మ వంగి మళ్లీ లేస్తుంది. జట్రోఫా కొమ్మ మెత్తన, విరిగితే పాలు కారుతుంది, ఆ కొమ్మ పంట అంతటితో సరి. పైగా లక్షలు పోసి ఆ మిషన్ కొన్నా, అది కోసేది కాఫీ కాదు, లీటరు లెక్కన అమ్మే నూనె. ఇంత తెలిశాక మీ నాలుగెకరాల్లో జట్రోఫా వేయమని నేను ఎలా చెప్పగలను? ఇంట్లో పిల్లలూ మేకలూ ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఆ గింజ విషం. చిన్న పిల్లలు తిని ఆసుపత్రి పాలైన సంఘటనలు మన దేశంలోనే ఎన్నో ఉన్నాయి.

కానుగ కథ ఇలా కాదు. నిజానికి కాయల లెక్క చూస్తే కానుగ ఇంకా కష్టంగా కనిపిస్తుంది. కాయకు సాధారణంగా ఒకటే గింజ, ఆ గింజ ఒక గ్రాము పైచిలుకు. లీటరు నూనెకు మూడు వేల కాయల వరకూ కావాలి. కానీ చేత్తో తుంచే పని కాదు కదా, దులిపే పని. దులపడానికి కానుగలో మూడు మంచి గుణాలున్నాయి. పూత నుంచి పండటానికి పది పదకొండు నెలలు తీసుకుంటుంది కాబట్టి ఒక చెట్టు మీద కాయ దాదాపు ఒకేసారి ఎండుతుంది. ఎండినా కాయ పగలదు, గింజ లోపలే భద్రంగా ఉంటుంది. పెంకు గట్టిది, ఇరవై అడుగుల నుంచి నేల మీద పడినా గింజకు దెబ్బ తగలదు. మామిడి, బత్తాయిలకు లేని అదృష్టం ఇది.

బాదం తోటలో కూడా పద్ధతి ఇదే. కాయను నేరుగా నేల మీదికే రాలుస్తారు, అక్కడే వారం పది రోజులు ఎండనిచ్చి, ఊడ్చి వరుసగా చేసి ఎత్తుతారు. పిస్తాను మాత్రం నేల తాకనివ్వరు, చెట్టు కింద రెండు వైపులా వాలు బల్లల లాంటి ఫ్రేములు పెట్టి పట్టుకుంటారు. కానుగ బాదం దారిలో నడిచే చెట్టు. ఫ్లోరిడాలో కానుగను మిషన్‌తోనే దులుపుతున్నారు. అక్కడ గ్రీనింగ్ తెగులుతో నారింజ తోటలు నాశనమయ్యాక, టెర్వివా అనే కంపెనీ ఆ నేలల్లో మన కానుగనే వరసల్లో నాటించింది. కాయను మాను పట్టి ఊపే షేకర్లతో రాలుస్తున్నారు. కొత్త మిషన్ కనిపెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. మన ఊరి గట్టు మీది చెట్టు అక్కడ తోట పంట అయిందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

ఇక ఊపుడు వెనుక ఉన్న సూత్రం తెలిస్తే ఏ మిషన్ చూసినా మీరే అంచనా వేసుకోగలరు. కాయను ఎవరూ లాగడం లేదు. కొమ్మ ఒక్కసారిగా అటు పోతే కాయ తన బరువుతో వెనకబడుతుంది, ఆ గుంజుడుకు తొడిమ తెగుతుంది. కాయ ఎంత బరువుంటే, తొడిమ ఎంత బలహీనంగా ఉంటే అంత సులువు. కానుగ కాయ తేలిక కాబట్టి ఊపు గట్టిగా ఉండాలి. ఊపులో రెండు సంగతులున్నాయి, కొమ్మ ఎంత దూరం కదులుతోంది, సెకనుకు ఎన్నిసార్లు కదులుతోంది. దూరం రెట్టింపు చేస్తే గుంజుడు రెట్టింపవుతుంది. వేగం రెట్టింపు చేస్తే గుంజుడు నాలుగింతలవుతుంది. మధ్య నుంచి అటూ ఇటూ ఒక సెంటీమీటరు చొప్పున, సెకనుకు 15 సార్లు ఊపితే కాయ మీద దాని బరువుకు తొమ్మిదింతల గుంజుడు పడుతుంది. 20 సార్లు చేస్తే అదే పదహారింతలు. అందుకే దోటితో మెల్లగా ఎంతసేపు ఊపినా రాలని కాయ, మిషన్ రెండు సెకన్లు అదిలిస్తే జలజల రాలుతుంది.

కానీ ఈ అదురు మాను నుంచి చిటారు కొమ్మ దాకా పోవాలి. మాను ఒకటే ఉండి, కొమ్మలు నిటారుగా, గట్టిగా ఉంటే పోతుంది. కొమ్మ పొడుగ్గా సాగి కిందికి వేలాడుతుంటే అదురు మధ్యలోనే చచ్చిపోతుంది. మన కానుగ చెట్లలో నూటికి ఎనభై ఇలాగే ఉంటాయి. మోకాలి ఎత్తులోనే రెండు మూడు మానులుగా చీలి, గొడుగులా కిందికి వాలి ఉంటాయి. మాను షేకర్ దవడ పట్టుకోవడానికి కనీసం రెండు మూడు అడుగుల నున్నటి మాను కావాలి. మీ చెట్ల దగ్గరికి వెళ్లి ముందు ఇది చూడండి. వీడియోలో కనిపించే చెట్టుకూ మన చెట్టుకూ తేడా అంతా అక్కడే ఉంది.

ఒకవేళ మీ మానులు బాగానే ఉన్నాయనుకుందాం. అయిదు మీటర్ల దూరంలో నాటి ఉంటే ఎకరానికి 160 చెట్లు, ఆరెకరాలకు 960. మాను షేకర్ చెట్టు మీద ఉండేది కొన్ని సెకన్లే. పక్క చెట్టుకు జరిగి సర్దుకోవడంతో కలిపి నిమిషానికి ఒక చెట్టు అని నెమ్మదిగానే లెక్కేసినా మొత్తం 16 గంటల పని. రెండు రోజుల్లో మీ తోట అయిపోతుంది. మిగిలిన ఏడాదంతా ఆ మిషన్ షెడ్డులో నిలబడుతుంది, దాని మీద అప్పు మాత్రం రోజూ నడుస్తుంది. వందల ఎకరాల తోట ఉన్నవాళ్లకు, లేదా నలభై యాభై మంది రైతులు కలిసి ఒక సంఘంగా తెచ్చుకునేవాళ్లకు అది సరైన మిషన్. ఒక్క మనిషికి కాదు.

మీకు నేను చెప్పేది కొమ్మ షేకర్. ఆలివ్ తోటల కోసం ఇటలీ, స్పెయిన్‌లలో వాడే రకం. రెండు మీటర్ల పైచిలుకు గొట్టం, చివర కొక్కెం, వెనుక చిన్న పెట్రోలు ఇంజను. కొక్కేన్ని కొమ్మకు తగిలించి నొక్కితే కొమ్మను వేగంగా ముందుకూ వెనక్కూ లాగుతుంది. బొటనవేలి లావు నుంచి ముంజేతి లావు లోపు కొమ్మలకు బాగా పనిచేస్తుంది. మాను ఎలా చీలినా దీనికి పట్టింపు లేదు, కొమ్మ కొమ్మకూ తగిలించుకుంటూ పోవడమే. బ్యాటరీతో నడిచే దువ్వెన రకం కూడా ఉంది. అది మాత్రం కానుగకు తీసుకోవద్దు. కానుగ ఆకు వెడల్పు, కొమ్మ చివర గుబురు. దువ్వెన పళ్లలో ఆకు చుట్టుకుని ప్రతి చెట్టుకూ ఆపి తీయాల్సి వచ్చింది. నేను ఒక సీజన్ దాంతో వృథా చేసుకున్నాను, మీరు చేసుకోవద్దు.

మా దగ్గర నలుగురం పనిచేస్తాం. ఒకరు మిషన్, ఒకరు దోటితో మిగిలిన కాయ రాల్చడం, ఇద్దరు పట్టాలు పరవడం, ఎత్తడం. చెట్టుకు ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది, రోజుకు యాభై చెట్లు అవుతాయి. మీ లెక్కకు అది ఇరవై రోజుల పని, రెండు మిషన్లుంటే పది రోజులు. మిషన్ కన్నా మాకు ఎక్కువ సమయం తినేది పట్టా జరపడమే. మొదట్లో టార్పాలిన్ వాడాం. బరువు, గాలికి లేస్తుంది. ఇప్పుడు షేడ్ నెట్ రెండు ముక్కలు, మధ్యలో మాను చుట్టూ కలిసేలా చీల్చి వాడుతున్నాం. ఒక జత చెట్టు కింద ఉండగానే రెండో జత పక్క చెట్టు కింద పరిచి ఉంచుతాం. ఆ ఒక్క మార్పుతో రోజుకు పది పదిహేను చెట్లు పెరిగాయి.

ఒక హెచ్చరిక. ఆ షేకర్ అదురు చేతుల్లోకి వస్తుంది. గంటల తరబడి పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఏళ్ల తరబడి అలాగే చేస్తే ఆ తిమ్మిరి పోదు. నలభై నిమిషాలకు ఒకసారి మనిషి మారాలి. మందపాటి గ్లవ్స్, కళ్లజోడు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఎండు కాయ కంట్లో పడితే ఏమవుతుందో మా తమ్ముడిని చూసి తెలుసుకున్నాను. అలాగే, పూర్వం కాలిఫోర్నియా వాల్‌నట్ తోటల్లో కొమ్మకు తాడు కట్టి, ట్రాక్టర్ పీటీఓతో (ఇంజను శక్తిని పనిముట్లకు అందించే వెనుక షాఫ్టు) తిరిగే, ఇరుసు నడిమధ్యలో లేని చక్రంతో లాగేవాళ్లు. మన వర్క్‌షాపు వాళ్లు అది తక్కువ ఖర్చుతో చేసిస్తామంటారు, చేయగలరు కూడా. కానీ తిరిగే పీటీఓ షాఫ్టు దగ్గర చీర కొంగులు, పంచెలు, తాళ్లు ఉండే పొలంలో దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పలేదు. చేయించుకుంటే షాఫ్టుకు పూర్తి కవరు లేకుండా ఒక్క రోజు కూడా నడపొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఎప్పుడు దులపాలి. కానుగ ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, ఆ తర్వాత చిగురేసి, ఏప్రిల్ నుంచి పూతకు వస్తుంది. పాత కాయ అప్పటికీ చెట్టు మీదే ఉంటుంది. కూలీలు దొరకలేదని మే దాకా ఆగితే, షేకర్ పాత కాయతో పాటు వచ్చే ఏడాది పూతనూ రాలుస్తుంది. ఆకు రాలి చిగురు రాని ఆ మూడు నాలుగు వారాలే మీ కాలం. కాయ పూర్తిగా గోధుమ రంగుకు వచ్చి, ఊపితే లోపల గింజ కదిలిన చప్పుడు వస్తే సిద్ధమైనట్టు. ఆకు లేనప్పుడు కొమ్మ తేలిక, అదురు దూరం పోతుంది, పట్టా మీద చెత్త కూడా తక్కువ.

వాన తగిలితే మరో నష్టం. నేల మీద తడిసిన గింజకు బూజు పడుతుంది, నూనెలో ఆమ్లం పెరుగుతుంది. బయోడీజిల్ చేసేవాళ్లకు ఆ ఆమ్లం రెండు శాతం లోపు ఉంటే పని సులువు. దాటితే మామూలు పద్ధతిలో క్షారం వేయగానే డీజిల్‌తో పాటు సబ్బు తయారవుతుంది. ముందు ఆమ్లంతో ఒకసారి శుద్ధి చేసుకోవాలి, ఆ ఖర్చును మీ గింజ ధరలోనే కోస్తారు. వేసవి జల్లులు పడకముందే కాయ కల్లంలోకి చేరాలి.

కూలీల కొరత గురించి మీరు రాసిన దాంట్లో ఒక విషయం వదిలేశారు. కాయ ఒలవడం. కానుగ కాయ బరువులో దాదాపు సగం పెంకే. మా ఇంట్లో మొదటి ఏడాది ఆడవాళ్లు రాయి మీద పెట్టి కర్రతో కొడుతూ కూర్చుంటే, దులపడానికి పట్టిన రోజులకు మూడింతల రోజులు ఒలవడానికే పోయాయి. మీ దగ్గర ఒక్క మిషన్‌కే డబ్బుంటే షేకర్ కాదు, ముందు ఒలిచే మిషన్ కొనండి. వేరుశనగ కాయ ఒలిచే పవర్ డికార్టికేటర్ మీ జిల్లాలో ప్రతి మండలంలో ఉంటుంది. దానికి జల్లెడ మార్చి, కింది పళ్లెం సందు కానుగ కాయ మందానికి సర్దితే పనిచేస్తుంది. కాయ బాగా ఎండి ఉండాలి, లేకపోతే పెంకు నలిగి గింజకు అంటుకుంటుంది. ఒలిచాక తూర్పారబట్టి, గింజను మళ్లీ రెండు రోజులు ఎండబెట్టి గోనె సంచుల్లో పెట్టండి. ప్లాస్టిక్ సంచుల్లో చెమ్మ పడుతుంది.

ఈ సందర్భంలో ఆదిలాబాద్ వైపు జైనూరు మండలంలో పవర్‌గూడ అనే గోండు గూడెం గుర్తుకు వస్తుంది. అక్కడి మహిళా సంఘం కానుగ గింజ ఏరి, సొంతంగా నూనె మిల్లు నడిపింది. ఆ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. కానుగ గింజ ఏరేది ఎక్కడైనా ఎక్కువగా ఆడవాళ్లే. మీ ఊళ్లో కూడా ఇప్పుడు గింజ ఏరి అమ్ముకునే వాళ్లుంటే, ఒలిచే మిషన్‌ను వాళ్ల సంఘం పేరు మీద పెట్టి, కిలోకు ఇంత అని మీరు కట్టేలా మాట్లాడుకోండి. మిషన్ వచ్చిందని వాళ్ల చేతిలో నాలుగు రూపాయలు పోకూడదు. ఏడాది పొడవునా ఆ మిషన్‌కు పని కూడా దొరుకుతుంది.

నాలుగెకరాల బీడులో ఏం వేయాలంటే, కానుగే వేయండి, కానీ ఈసారి గింజ మొక్క వద్దు. గింజ నుంచి వచ్చిన చెట్లు ఒకదానికొకటి పోలికే ఉండదు, పక్కపక్క చెట్లే ఒకటి విరగకాసి ఇంకొకటి ఖాళీగా ఉంటుంది, పండే సమయమూ మారుతుంది. మీ పాత తోటలోనే ఏటా బాగా కాసే, ముందుగా ఒకేసారి ఎండే పది చెట్లను ఇప్పటి నుంచే సున్నం గుర్తు పెట్టి మూడేళ్లు గమనించండి. వాటి నుంచి అంటు కట్టించండి. సాళ్ల మధ్య ట్రాక్టర్ తిరిగేలా కనీసం ఆరు మీటర్లు వదలండి. మొదటి మూడేళ్లు కిందినుంచి వచ్చే పిలకలు తీసేస్తూ, మూడు అడుగుల వరకు ఒకే మాను నిలబెట్టండి. అప్పుడు పదేళ్ల తర్వాత మీ ప్రాంతానికి మాను షేకర్ అద్దెకు వచ్చిన రోజున మీ చెట్టు దానికి సిద్ధంగా ఉంటుంది.

పాత చెట్లకు కూడా ఈ మార్చిలో కాయ దులిపిన వెంటనే, చిగురు రాకముందు, నేలకు వాలిన కొమ్మలు తీయించండి. ఒకే ఏడాదిలో మూడో వంతుకు మించి కొట్టొద్దు. చెట్లకు డ్రిప్ ఇస్తున్నట్టయితే దులపడానికి రెండు వారాల ముందు నీళ్లు ఆపేయండి. నీరు తాగి ఉన్న చెట్టు బెరడు వదులుగా ఉంటుంది, కొక్కెం తగిలిన చోట జారి ఊడొస్తుంది. బాదం తోటల్లో షేకర్ గాయాల నుంచి పుండు తెగులు పట్టి చెట్లు చనిపోవడం నా కళ్లతో చూశాను. కొక్కేనికి పాత సైకిల్ ట్యూబు రెండు చుట్లు చుట్టుకోండి, అరిగినప్పుడల్లా మార్చండి. కొమ్మ షేకర్ కొనే ముందు ఒక పది చెట్ల మాను, మొదటి కొమ్మలు కనిపించేలా ఫోటోలు పెట్టండి. ఏ లావు కొక్కెం, ఎంత పొడుగు గొట్టం తీసుకోవాలో వాటిని చూసి చెబుతాను.